ఏకగ్రీవంగా ప్రెసిడెంటునయ్యాను

ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించిన రోజులవి. అక్కడి షుఐబాలోని మా కార్మికుల క్యాంపులో తెలుగువాళ్లం పంచాయతీ పెట్టుకున్నాం. దానికి మూడు పనులు: నీళ్లు పంచడం, బియ్యం పంచడం, ప్రెసిడెంటు పదవికి కడప ఓబులేసన్న, కోనసీమ సత్యంగారు కొట్లాడుకోవడం. మూడోది మాత్రం క్రమం తప్పకుండా జరిగేది.

ఒక మధ్యాహ్నం సమావేశం మధ్యలో ఇరాక్ సైనికుడు తుపాకీతో గుమ్మంలోకి వచ్చి, "ఇక్కడ పెద్ద ఎవరు?" అని అరబ్బీలో గద్దించాడు.

"సత్యంగారే!" అన్నాడు ఓబులేసన్న, మొదటిసారి 'గారు' చేర్చి.

"అబ్బే, నాకెందుకండీ! కుర్రోడు సదువుకున్నోడు," అంటూ సత్యంగారు నన్ను ముందుకు తోశారు.

"అవునబ్బీ, నువ్వే పో!" అన్నాడు ఓబులేసన్న.

వెళ్లాను. సైనికుడు తుపాకీతో నీళ్ల డ్రమ్ము చూపించాడు. తన డబ్బా నింపిచ్చాక వెళ్లిపోయాడు.

వెంటనే పంచాయతీ మళ్లీ కూర్చుంది. అనుమతి లేకుండా నీళ్లిచ్చినందుకు నన్ను పదవి నుంచి తొలగించింది.

ఇప్పటికీ ఎవరైనా ఏకగ్రీవంగా ఎన్నుకుంటామంటే, ముందు గుమ్మంలో ఎవరున్నారో చూస్తాను.