ఐసు కరిగేలోగా

ఏప్రిల్ సగం దాటాక ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తే ముక్కుకి ముందు తగిలేది చేపల వాసన కాదు, పెయింట్ వాసన. వేట నిషేధం మొదలై బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి. గీకిన చెక్క మీద నీలం, ఎరుపు కొత్తగా పూస్తుంటారు, దాని కింద నుంచి పాత డీజిలు, తడి తాళ్ళు, ఎండకి ఉడికిన ఉప్పు కలిసి ఆవిరిలా లేస్తాయి. మొన్న ఎండు నెత్తళ్ళు కొందామని వెళ్ళినప్పుడు ఆ వాసన తగిలి నా ఎడమ దవడ దానంతటదే బిగుసుకుంది. నాకు నలభై వచ్చాయి, కాలేజీలో పాఠాలు చెప్తాను, నోరు పెద్దదని స్టాఫ్ రూములో పేరు కూడా ఉంది. అయినా దవడ బిగుసుకోవడం మానదు. ఎందుకంటే నా చిన్నతనంలో పెయింట్ వాసన వచ్చిందంటే మగాళ్ళు ఒడ్డునే ఉంటారని, మగాళ్ళు ఒడ్డునుంటే ఇళ్ళలో దెబ్బలు పడతాయని అర్థం.

నెత్తళ్ళు పట్టుకుని కూర్మన్నపాలెంలో మా ఇంటికి వచ్చేసరికి, పై వాటాలో అద్దెకుండే లలిత మా అమ్మ దగ్గర కూర్చుని ఏడుస్తోంది. ఆమె మొగుడు స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తాడు, వేరే కాపురం పెట్టాడు. పిల్లకి నెలనెలా మనోవర్తి ఇమ్మని కోర్టు చెప్పి ఏడాది దాటినా పైసా ఇవ్వలేదు. వారంటు అడిగితే జైల్లో పెడతారు. అడగాలా వద్దా అని ఆమె బాధ. "పిల్ల పెద్దయ్యాక మా నాన్నని జైలుకి పంపావని నన్నే తిడితే ఏటి సెప్పమంటారక్కా?" అంది. మా స్టాఫ్ రూములో కూడా ఇదే పాట. జైల్లో పెడితే సంపాదన ఆగిపోతుంది, పిల్లకి తండ్రి దూరమవుతాడు, కన్నతండ్రిని దొంగని చేస్తారా అని, కడుపు నిండిన వాళ్ళు కాఫీ తాగుతూ అంటారు. నాకు తెలిసిన జవాబు ఒక్కటే ఉంది, దానికి రక్తం అంటుకుని ఉంది.

మాది హార్బర్ వెనక పేట. మా నాన్న మరబోటు డ్రైవరు, అంటే సముద్రం మీద బోటుకి పెద్ద. అమ్మ తెల్లారకముందే జెట్టీకి వెళ్ళి వేలంపాటలో చేపలు పాడుకుని, గంప నెత్తిన పెట్టుకుని టౌను వీధుల్లో అమ్మేది. నాన్న తల్లి మాతోనే ఉండేది, ఆమెని మామ్మ అనేవాళ్ళం. నా ఆటస్థలం వేలం జరిగే అరుగు. అక్కడ సిమెంటు నేల మీద నెత్తురూ పొలుసూ కలిసి జారుతుంటే మేం పిల్లలం ఐసు పలకల మీద కూర్చుని జారేవాళ్ళం, తెగిపోయిన వలల రబ్బరు బెండులతో బంతాట ఆడేవాళ్ళం, ఇంకా కొట్టుకుంటున్న టేకుచేప విషపు ముల్లున్న తోకని మగాళ్ళు గొడ్డలితో ఎలా నరుకుతారో ముందు వరసలో నిలబడి చూసేవాళ్ళం. వానాకాలం కవ్వళ్ళు దండిగా పడితే ఇల్లంతా పులుసు వాసన, చలికాలం చందువలు, గంగమ్మ పండగకి మామ్మ చేసే కోడికూరా బెల్లం బూరెలూ, ఎండాకాలం ఎండు నెత్తళ్ళలో పుల్లమామిడికాయ ముక్కలు, ఆపైన తాటి ముంజలు. నాన్న వేట నుంచి వస్తూ కాళ్ళకి దారం కట్టిన బతికున్న పీత ఒకటి నాకు తెచ్చేవాడు. నేను దాన్ని వీధిలో కుక్కపిల్లలా నడిపించేదాన్ని. సాయంత్రానికి మామ్మ దాని డిప్ప పగలగొట్టి కూరలో వేసేసేది. ఇవన్నీ మంచి జ్ఞాపకాలే, వీటిలో కూడా ఏదో ఒకటి చస్తూనే ఉంటుందని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

వేసవిలో వేట ఆపాలన్న ప్రభుత్వం రూలు అప్పటికి కొత్తగా వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఎవరూ సముద్రంలోకి పోకూడదు. చేపల సంగతి ఆలోచించినవాళ్ళు ఆడవాళ్ళ సంగతి ఆలోచించలేదు. అప్పటిదాకా వారానికో పూట ఇంటికొచ్చే మగాళ్ళు నెలన్నర పాటు ఇళ్ళలోనే ఉండేవారు. పొద్దుట పెయింటు, మధ్యాహ్నం పేకాట, సాయంత్రం సారా, తర్వాత పెళ్ళాలు. ఏ ఇంట్లోంచి గిన్నె విసిరిన చప్పుడు వచ్చిందో పిల్లలం చెప్పేసేవాళ్ళం. ఒకసారి అమ్మకి వెయ్యబోయిన దెబ్బకి నేను అడ్డం వెళ్ళాను. పెయింటు అంటిన ఆ చెయ్యి నా ఎడమ దవడ మీద పడింది. పన్ను ఊడి చేతిలోకి వచ్చింది, చెంప మీద నీలం రంగు కిరసనాయిలుతో రుద్దినా రెండ్రోజులు పోలేదు. మామ్మ తెడ్డు తీసుకుని కొడుకుని వీధి చివరిదాకా తరిమింది. ఆ ఏడే నాన్న గాజువాక వైపు వేరే ఆడమనిషితో కాపురం పెట్టాడు. మామ్మ కొడుకు వెంట పోలేదు. "ఆడు నా కడుపున పుట్టేడు గానీ, నాకు గంజి పోసింది నా కోడలు" అని మా గడపలోనే చాప వేసుకుంది.

అమ్మ కోర్టుకెళ్ళింది. మనోవర్తి ఇమ్మని తీర్పొచ్చింది. నాన్న నవ్వి ఊరుకున్నాడు. సముద్రం మీద సంపాదించేవాడికి జీతం కాగితం ఉండదు, వేటకింత వాటా అంతే, కోర్టు ఎక్కడ పట్టుకుంటుంది. తీర్పొచ్చి ఏడాది తిరిగాక వారంటు వచ్చింది. పోలీసులు అతన్ని పట్టుకున్నది సరిగ్గా ఏప్రిల్ నెలాఖరున. అంటే ఎలాగూ వేట లేదు, చేతిలో పైసా లేదు, రెండో కాపురంలో కూడా గంజికి వెతుకులాటే. అత్తారింటికి పండక్కి వెళ్ళే అల్లుడిలా తల దువ్వుకుని మరీ జీపెక్కాడు. నెల రోజులు అన్నం తిని, నిద్రపోయి, ఒళ్ళుచేసి వచ్చి మా గడప ముందు నిలబడ్డాడు.

"నెల్రోజులు కూకున్నాను. నీకూ నీ గుంటకీ నాకూ సెల్లయిపోనాది," అన్నాడు అమ్మతో, నా వైపు చూపిస్తూ.

అమ్మా అదే నమ్మింది, పేటంతా అదే నమ్మింది. మా పేటలో తప్పు చేసినవాణ్ణి కులపెద్దలు స్తంభానికి కట్టి అందరి ముందూ చింత బరికెలతో కొట్టించేవారు. వీపు చిట్లి నెత్తురొచ్చేదాకా మేమంతా చూసేవాళ్ళం. కానీ దెబ్బలు తిన్నాక ఆ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు, ఎత్తితే వాళ్ళకే జరిమానా. శిక్ష పడితే లెక్క తీరిపోయినట్టే అని తరతరాలుగా నమ్మిన మాకు, జైలు కూడా అలాంటి స్తంభమే అనిపించింది. నాన్న వేటకి పోయాడు. నన్ను బడి మాన్పించి రొయ్యల షెడ్డులో పెట్టారు.

షెడ్డు అంటే పొడుగాటి రేకుల కొట్టు, లోపల ఐసు నీళ్ళ తొట్టెలు, వాటి ముందు నిలబడి పొద్దున్నుంచి సాయంత్రం దాకా రొయ్యల తలలు తుంచే నాలాంటి ఆడపిల్లలు. రొయ్య ముల్లు గోటి కిందికి దిగుతుంది, దాని రసం ఆ గాయాన్ని తింటుంది, చలికి వేళ్ళ సందులు పగిలి తెల్లటి మాంసం కనిపిస్తుంది. కునికితే సూపర్‌వైజరు మెడ పట్టి తల తొట్టెలో ముంచేవాడు. ఇంటికొచ్చాక అన్నం కలపలేకపోతే మామ్మ ముద్దలు చేసి నా నోట్లో పెట్టేది. అమ్మ నా చేతులవైపు చూసేది కాదు.

ఒకరోజు అమ్మ కోనాం చేప ముక్కలు అమ్ముతూ తన కేసు చూసిన లాయరమ్మ ఇంటికే వెళ్ళింది. మాటల్లో, జైలుకి వెళ్ళొచ్చాడు కదమ్మా, ఇంకేముంది, అంది. లాయరమ్మ చేపముక్క కింద పెట్టేసింది. "జైల్లో పెట్టింది కట్టనందుకు. కట్టాల్సిన డబ్బు అలాగే ఉంది, మళ్ళీ వారంటు అడగొచ్చు" అని చెప్పింది. అమ్మ గంప అక్కడే వదిలేసి ఇంటికి నడిచొచ్చి, మామ్మ పక్కన కూలబడి ఆ మాట చెప్పింది.

మళ్ళీ వేసవికి కొత్త వారంటు వచ్చింది. కానిస్టేబులు వచ్చి మీ ఆయన ఎక్కడుంటాడని అడిగితే అమ్మ "ఊళ్ళో నేడు బాబూ" అని అబద్ధమాడింది. నాన్న అప్పుడు జెట్టీ మీద అందరికీ కనిపించేలా బోటుకి పెయింట్ వేస్తున్నాడు. కానిస్టేబులు వెళ్ళగానే మామ్మ విరుచుకుపడింది.

"నీ కల్లు పోనాయేటే? అదుగో, రంగులేత్తన్నాడు కదా సచ్చినోడు."

"ఇప్పుడు పట్టిత్తే మల్లీ ఒల్లు సేసుకుని వత్తాడత్తా. బోటు కదిలే రోజు సూద్దాం," అంది అమ్మ.

నిషేధం తీరిన పొద్దు హార్బర్ పెళ్ళివారిల్లులా ఉంటుంది. ఆ పొద్దు తొలకరి పడి జెట్టీ తడిసి ఉంది. బోట్ల ముక్కులకి పసుపూ కుంకుమా నిమ్మకాయలూ, గంగమ్మ పేరు చెప్పి పుంజు మెడ కోసి ఆ నెత్తురు కొత్త పెయింట్ మీద చిలకరిస్తున్నారు. కడుపులో ఐసు నింపుకున్న బోట్లు ఇంజన్లు రేపి దడదడలాడుతున్నాయి. మొదట పోయినవాడికి రొయ్య దండిగా పడుతుంది, ఆలస్యమైనవాడికి అందులో సగం కూడా మిగలదు. అమ్మ, మామ్మ, నేను, వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళు అక్కడికి వెళ్ళాం. నాన్న కొత్త లుంగీ కట్టుకుని, ఇంజను తిప్పే ఇనప హ్యాండిలు చేత్తో పట్టుకుని ఉన్నాడు.

"మల్లీ ఏటే? నెల్రోజులు కూకున్నాను కదా," అన్నాడు, ఇంకా నవ్వుతూనే.

కానిస్టేబులు కాగితం చూపించి, కూర్చున్నది వేరు, కట్టాల్సింది వేరు అని చెప్పాడు. నాన్న ముఖంలో నవ్వు పోవడం నేను చూశాను. ఒక్క గెంతులో జెట్టీ మీదికి దూకి హ్యాండిలు ఎత్తాడు. అమ్మ కుడిచెయ్యి అడ్డం పెట్టింది. పచ్చి కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. రెండో దెబ్బ తలమీద పడేదే, మామ్మ కొడుకు వీపు మీదికి ఎక్కేసి చెవి కొరికి పట్టుకుంది. నాన్న విదిలిస్తే వెళ్ళి మోకు చుట్ట మీద పడింది, నోట్లోంచి కొడుకు నెత్తురు ఉమ్మేసి మళ్ళీ లేచింది. కానిస్టేబుళ్ళు లాఠీలతో మోకాళ్ళ మీద కొట్టారు, కింద పడ్డాక కూడా కొట్టారు. పుంజు నెత్తురూ మనిషి నెత్తురూ వాన నీళ్ళలో కలిసి నా కాళ్ళ కిందకి వచ్చాయి. నేను అరవలేదు. షెడ్డులో అరవడం మర్చిపోయాను.

బోటు ఓనరు మాత్రం కొట్లాట వైపు చూడలేదు. బోటు పక్కకున్న కన్నంలోంచి సన్నగా కారుతున్న నీళ్ళని చూస్తున్నాడు. అవి ఐసు నీళ్ళు. పక్క బోట్లు ఒక్కొక్కటీ హారను కొట్టి కదిలిపోతున్నాయి.

"బావా, ఐసు కరిగిపోతంది," అన్నాడు ఒక కలాసీ, కింద పడున్న నాన్నతో. అతనికి అంతకంటే ముఖ్యమైనది కనబడలేదు.

ఓనరు అమ్మ వైపు తిరిగాడు. "ఇప్పుడేటంతావమ్మా?"

"కడితే ఏటకెల్తాడు, కట్టకపోతే జైలుకెల్తాడు," అంది అమ్మ, వేలాడుతున్న చేతిని రెండో చేత్తో పట్టుకుని. "నాకు తొందర నేదు బాబూ."

ఇంకో డ్రైవరు ఆ రోజు ఎక్కడా దొరకడు. ఓనరు అమ్మని బండబూతులు తిట్టి, మనిషిని ఇంటికి పరిగెత్తించి డబ్బు తెప్పించి కానిస్టేబులు ముందు పెట్టాడు. అమ్మ ఎడమ చేత్తో తీసుకుంది, ఎడమ చేతి వేలిముద్రే వేసింది. నాన్నని కలాసీలు లేపి బోటెక్కించారు. అమ్మ వెంటనే ఆసుపత్రికి వెళ్ళలేదు. కొత్త సీజనుకి పేర్లు రాసుకుంటున్న రొయ్యల షెడ్డుకి నన్ను తీసుకెళ్ళి, "నా గుంట ఇంక రాదు" అని చెప్పి, అప్పుడు వెళ్ళింది. అందుకే ఆ మణికట్టు వంకరగా అతికింది.

ఎముక విరగ్గొట్టినందుకు నాన్న మీద ఎవరూ కేసు రాయలేదు. మొగుడూ పెళ్ళాల గొడవ కదమ్మా, అన్నారు. అతన్ని భయపెట్టగలిగిన కాగితం ఆ మనోవర్తి వారంటు ఒక్కటే. మళ్ళీ అలా ఐసు కరగబెట్టుకోవడం ఇష్టంలేక ఓనరు ప్రతి వేటకీ అతని వాటాలోంచి కోసి మా ఇంటికి పంపించేవాడు. నేను బడికెళ్ళాను, తర్వాత కాలేజీకెళ్ళాను. జైలుకెళ్తే సంపాదించేదెలా అనేవాళ్ళని నాకు తెలీక అడుగుతాను, బయట తిరిగి సంపాదించిన ఏడాదంతా అతను మాకేం పెట్టాడు? నిజంగా లేనివాణ్ణి తీసుకెళ్ళి లోపలేస్తే ఎవరికీ ఏమీ రాదు, అది నేనూ ఒప్పుకుంటాను. ఏప్రిల్లో మా నాన్నని పెట్టినట్టే అవుతుంది. కానీ చట్టానికి ఏప్రిల్‌కీ జూన్‌కీ తేడా తెలియదు, గంప మోసే ఆడదానికి తెలిసింది. ఇక తండ్రి దూరమవుతాడంటారు. అయ్యాడు. తర్వాత ఎప్పుడూ పీత తేలేదు, వీధిలో ఎదురైతే సముద్రం వైపు చూస్తూ పోయేవాడు. నాకు నొప్పి లేదని చెప్పను. ఆ నొప్పి వేళ్ళ సందుల్లో ఐసు పెట్టిన నొప్పి కంటే పెద్దదని ఎవరైనా అంటే, ఆ తొట్టె ముందు ఒక్క పూట నిలబడి అప్పుడు చెప్పమంటాను.

ఇప్పుడు ఆ రేకుల షెడ్డు లేదు, కులపెద్దల స్తంభం లేదు. బెండులతో బంతాట ఆడే పిల్లలు లేరు. తెగిన చెవితోనే నాన్న పోయాడు, అంతకుముందే మామ్మ పోయింది. పోయేదాకా కొడుకు పేరు ఎత్తలేదు. ఎండు నెత్తళ్ళు మాత్రం మిగిలాయి, పెయింట్ వాసన మిగిలింది.

లలితకి ఇదంతా నేనే చెప్పాను, నా నోరు తెలుసు కదా, మధ్యలో రెండుసార్లు తిట్టాను కూడా. అమ్మ వంకర చేత్తో నెత్తళ్ళ తలలు తుంచుతూ కూర్చుంది. లలిత కళ్ళు తుడుచుకుని, వారంటు అడిగేస్తానక్కా, రేపే అడుగుతాను, అంది.

అప్పుడు తలెత్తింది అమ్మ. "రేపెందుకమ్మా? ఆడికి ఓవర్‌టైములు దండిగా పడీది ఏ నెల్లో?"

లలిత వేళ్ళ మీద లెక్కపెట్టింది. ప్లాంటులో రిపేర్ల పని పెట్టినప్పుడు అని, అది ఇంకా రెండు నెలలుందని చెప్పింది.

"అయితే అందాకా ఆణ్ణి నవ్వుకోనీ," అంది అమ్మ, ఇంకో నెత్తలి తల తుంచుతూ.