కాఫీ కొట్టుగా మారిన ఇంటిపేరు

ఇంతవరకూ నా మాట ఎవరూ వినిపించుకోలేదు. వేల్స్‌లోని కార్డిఫ్‌లో నేను పనిచేసిన ఆఫీసుకు పదేళ్ళలో నేను రాసిన ఉత్తరాల నకళ్ళన్నీ ఒక ఫైల్లో ఉన్నాయి. జవాబుల కోసం పెట్టుకున్న రెండో ఫైలు ఖాళీ. కెటిల్ ఎవరు కడగాలన్న దాని మీద వారానికో మెయిలు పంపేవాళ్ళకు నాకు రెండు ముక్కలు రాసే తీరిక మాత్రం దొరకలేదు.

2009లో నేనక్కడ కంప్యూటర్లు బాగుచేసే పనిలో చేరాను. నాకు ముందు ఆ కుర్చీలో మూడేళ్ళు కూర్చున్నది కూడా ఒక తెలుగతనే. అతని ఇంటిపేరు రెండక్షరాలది, వాళ్ళ నోటికి సులువుగా పట్టింది. మనిషి లీడ్స్ వెళ్ళిపోయినా ఇంటిపేరు మాత్రం కుర్చీకి అంటుకుపోయింది. మొదటిరోజే మా మేనేజరు నన్ను అందరికీ చూపిస్తూ, "ఇదిగో, మన కొత్త ఫలానా!" అంది. ఆ ఫలానా చోట అతని ఇంటిపేరు వేసుకోండి. అతని తప్పేమీ లేదు కాబట్టి నేను దాన్ని బయటపెట్టను. ఎవరి డ్యూటీ ఎప్పుడో రాసే రోటాలోనూ అదే రాశారు. ప్రింటరు మొరాయిస్తే, "ఫలానాను పిలవండి" అని కేక.

మనలో ఇంకొకరి ఇంటిపేరు రావాలంటే దత్తత పోవాలి. నన్నెవరూ దత్తత తీసుకోలేదు. పైగా అది మా ఆవిడ పుట్టింటివారి ఇంటిపేరు కూడా. ఆ సాయంత్రం సంగతి చెబితే ఆవిడ చేతిలో గరిటె అలాగే పట్టుకుని నవ్వింది.

"ఈ లెక్కన మీరు నాకు అన్నయ్య వరసండీ! ఇకమీద అన్నయ్యగారూ అని పిలవనా?"

"నవ్వులాటగా ఉందా నీకు?"

"మరి ఏడవమంటారా? రేపు వెళ్ళి గట్టిగా చెప్పండి."

చెప్పాను, వరసలతో సహా. మేనేజరు కళ్ళు పెద్దవి చేసి, "అయితే మీరంతా చుట్టాలే అన్నమాట! ఎంత బాగుంది, లవ్!" అని, అక్కడ అందర్నీ పిలిచే ఆ ముద్దుపిలుపు విసిరి, టీ కలుపుకుంటూ వెళ్ళిపోయింది. మర్యాదగా అడిగినవాణ్ణి అంతకన్నా మర్యాదగా పక్కకు నెట్టడంలో వాళ్ళను మించినవాళ్ళు లేరు.

నేను వదిలే రకం కాదు. నోటితోనూ ఉత్తరాలతోనూ అడుగుతూనే ఉన్నాను. చివరికి ఒక మధ్యాహ్నం, మేనేజరు పుట్టిన కొండలోయ ఊళ్ళో పనిచూసుకుని ఇద్దరం తిరిగొస్తుంటే, ఒక కాఫీ కొట్టు ముందు కారాపింది. ఆ కొట్టును ఊరంతా ఒక ఇటలీ ఇంటిపేరుతో పిలుస్తుంది. దాన్నొక్కదాన్నే కాదు, ఆ లోయల్లో ఇటలీవాళ్ళు నడిపే ఏ కొట్టునైనా అలాగే పిలుస్తారు. అందరికన్నా ముందొచ్చి కొట్లు పెట్టిన ఒక కుటుంబం పేరట అది.

"ఇప్పుడది మా ఇంగ్లీషు మాటే, లవ్. కాఫీ కొట్టని అర్థం. వాళ్ళెవరూ నీలా మొహం మాడ్చుకోలేదు. అది మా ప్రేమ" అంది. పాఠం చెప్పానన్న తృప్తితో టాయిలెట్‌కు వెళ్ళింది.

గల్లా వెనక ఉన్న ముసలాయన్ని అడిగాను: "అది మీ ఇంటిపేరేనా?"

"కాదు. మాది తలుపు మీదుంది. చూడలేదా?"

బయటికి వెళ్ళి చూశాను. వెలిసిపోయిన ఆకుపచ్చ అక్షరాల్లో వేరే పేరు. నేనూ దాని కిందినుంచే, చదవకుండా వచ్చాను. ఒప్పుకుంటాను. కానీ నేను ఆ తలుపులోంచి వెళ్ళింది ఒక్కసారే. ఆవిడ పుట్టినప్పటినుంచీ వెళుతోంది.

"మరి మీరు చెప్పలేదా?"

"మా నాన్న చెప్పాడు. నేనూ కొన్నాళ్ళు చెప్పాను." కప్పు తుడుస్తూ ఆయన భుజాలెగరేశాడు. "తరవాత్తరవాత ఫోనెత్తి నేనే ఆ పేరు చెప్పడం మొదలుపెట్టాను. త్వరగా అర్థమవుతుంది కదా."

జాలిపడాల్సిన చోట నాకు ఒళ్ళు మండింది. ఒక కుటుంబం పేరును కప్పులు, బల్లలు, కుర్చీలు అనే అర్థానికి దిగజార్చి, దానికి ప్రేమని పేరు పెట్టుకున్నవాళ్ళ మీద మండింది. ఒప్పుకున్న ఈయన మీద ఇంకా ఎక్కువ మండింది. ఆ రోజే నిశ్చయించుకున్నాను, ఆ పేరుకు నేను పలకనని.

పలకలేదు. వెనకనుంచి ఎంత పిలిచినా తల తిప్పలేదు. కాగితాలు ఇరుక్కున్న ప్రింటర్లు గంటలకొద్దీ అలాగే ఉండేవి. నా పనితీరు నివేదికలో ఏటా ఒకటే వాక్యం: నలుగురితో కలవడు. ఎవరితో కలవాలి? నా పేరు తెలియనివాళ్ళతోనా?

2019లో కోవెంట్రీలో వేరే ఉద్యోగం దొరికింది. చివరిరోజు కేకు కోసి, అందరూ సంతకాలు చేసిన పెద్ద కార్డొకటి చేతికిచ్చారు. పైన రంగు రంగుల అక్షరాల్లో: ప్రియమైన ఫలానాకు.

"ఇలాంటి ఫలానా మాకు మళ్ళీ దొరకడు" అంది మేనేజరు, కళ్ళు తుడుచుకుంటూ. ఆ కన్నీళ్ళు నిజమైనవే. అదే నాకు మరీ అసహ్యమనిపించింది.

కార్డు తిరిగి ఆవిడ చేతిలోనే పెట్టాను. "ఇది నాది కాదు. లీడ్స్ పంపండి."

ఎవరో కేకు ముక్క నోట్లో పెట్టుకున్నారు.

మేడమ్, ఇంగ్లీషులో మీకు విడిగా ఉత్తరం పోస్టు చేశాను. అందులో నా పేరు లేదు. ఇక్కడా రాయలేదు. రాస్తే చూసి చెప్పేస్తారు. పదేళ్ళు మీ ఎదుటి బల్ల దగ్గర కూర్చున్నాను. పాత కాగితాలు తీయకుండా, పక్కవాళ్ళను అడక్కుండా చెప్పండి: నా పేరేమిటి? రెండో ఫైలు ఇంకా ఖాళీగానే ఉంది. జవాబు రాయండి.