మొహం కనిపించే వైపు

పినపాకలో పుష్పలత షాపుకు బోర్డు లేదు. "పుష్పలత కాడ కొట్టించుకురాపో" అంటే చుట్టుపక్కల గూడేలన్నిటికీ తెలిసిపోయేది. పెండ్లి పత్రికైనా, చావు కార్డైనా ఆమె కంప్యూటర్ మీద తెలుగులో కొట్టి ఇస్తే మణుగూరు ప్రెస్సులో అచ్చయ్యేది. వాళ్లింట్లో మిరప కోతల నుంచి తప్పించుకున్న మొదటి ఆడమనిషి ఆమె. కోతల కాలంలో అరచేతులు మండుతుంటే చంటిపిల్లను ఎత్తుకోలేక ఏడ్చే తల్లిని చూసి పెరిగింది. అందుకే కీబోర్డు ముందు కూర్చునే ముందు చల్లగా ఉన్న తన చేతులను ఒకసారి చూసుకునేది.

ఆ ఏడు దసరా వెళ్లాక కురిసిన వానకు షాపు పక్క స్తంభం మీద పిడుగు పడింది. కంప్యూటర్ కాలిపోయింది. హార్డ్ డిస్కు కూడా మిగల్లేదు. భర్త జంపయ్య అశ్వారావుపేట పోయి, ఎవరో ఆఫీసు వాళ్లు తీసేసిన పాత సెట్టు కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ఇక అందులో తెలుగు ఎక్కించాలి. ఆ సాఫ్ట్‌వేర్ చేసిన హైదరాబాదు కంపెనీ ఎప్పుడో మూతపడింది. మిగిలింది పుష్పలత దగ్గరున్న సీడీ ఒక్కటే. దాన్ని ఆమె ఎంత భద్రంగా చూసుకుందో ఇప్పుడే చెబితే మీరు నవ్వుతారు.

సీడీ వేసింది. తెర మీద పచ్చగీత ముప్పావు దాకా పోయి ఆగింది. ఫైలు చదవలేకపోతున్నానని ఇంగ్లీషులో ఒక ముక్క వచ్చింది. మళ్లీ వేసింది. మళ్లీ అక్కడే.

"ఆగిందా?" అన్నాడు జంపయ్య.

"ఆగకేం జేస్తది? డొక్కు సెట్టు తెస్తివి. అదీ శనివారం ఇనుము తెస్తివి!"

"గుంతల్ల బస్సు ఎగిరినా కింద పెట్టలేదే. తొడలు తిమ్మిరెక్కినయ్."

"నీ తొడలు తిమ్మిరెక్కితే నా పని నడుస్తదా?"

జంపయ్య బీడీ ముట్టించుకుని బయటికి పోయాడు.

మాఘం దగ్గర పడింది. తన కొడుకు పెండ్లి పత్రిక కోసం పక్క గూడెం సైదమ్మ వచ్చిన ప్రతిసారీ పుష్పలత "రేపు రా అత్తా" అంది. చివరికి సైదమ్మ మొహమాటంగా, "మణుగూరు పోతున్న బిడ్డా, ఏమనుకోకు" అని ఆటో ఎక్కింది.

ఇక లాభం లేదని మణుగూరు నుంచి వెంకటకృష్ణను పిలిపించింది. తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం వాళ్లది. చుట్టుపక్కల కంప్యూటర్లన్నీ అతనే బాగుచేస్తాడు. వైరస్ పట్టే ప్రోగ్రాం ఆపి చూశాడు. తారీఖు వెనక్కి జరిపి చూశాడు. సీడీ డ్రైవు తీసి, తాను తెచ్చింది బిగించాడు. పచ్చగీత అక్కడే ఆగింది. అప్పుడు సీడీని గుమ్మంలోకి తీసుకుపోయి ఎండలో వంచి చూశాడు.

"అక్కా, దీనికి బొట్టు పెట్టావా?"

"దసరాకు కొడవలికి పెడ్తం, గొడ్డలికి పెడ్తం. నాకు బువ్వ పెట్టేదానికి పెట్టొద్దా?"

"రాసున్న వైపు పెట్టొచ్చుగా?"

"అటు మొహమేడుంది? ఇటు సూస్తే మన మొహం కనబడ్తది. గిటేగద దాని మొహం!"

వెంకటకృష్ణ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. "సరే, పసుపైతే తుడుస్తాను. మరి ఈ గీతలేంటి?"

పుష్పలత గొంతు తగ్గింది. "బొట్టుకు ముందు ఇత్తడి కుందులతోని కలిపి తోమిన. చింతపండేసి."

"దేంతో?"

"కొబ్బరి పీచుతోని. ఏటేటా."

ఇక అతనికి నవ్వు రాలేదు. "ఈ సెట్టు మీద కొత్త సాఫ్ట్‌వేర్లు నడవవక్కా. నడిచేది ఇదొక్కటే. ఇది ఇక చదవదు."

ఆమె చీర కొంగుతో కీబోర్డు తుడవసాగింది. దాని మీద తుడవడానికేమీ లేదు.

అప్పుడే జంపయ్య లోపలికొచ్చాడు. "నేను తెచ్చింది చెడ్డదేనా తమ్మీ?"

వెంకటకృష్ణ ఆమె వైపు చూశాడు. "సెట్టు బంగారంలా ఉంది బావా. సీడీకి డేట్ అయిపోయింది, మందుసీసాకు అయినట్టు."

జంపయ్య సీడీ అందుకుని తిప్పి చూశాడు. అంచున పసుపు ఇంకా ఉంది. బొటనవేలుతో దాన్ని కప్పేసి, "అవ్, డేట్ అయిపోయినట్టే ఉంది" అన్నాడు.

మాఘంలో పినపాక పత్రికలన్నీ మణుగూరులో అచ్చయ్యాయి. పుష్పలత మిరప కోతల కూలీలతో ట్రాక్టరెక్కింది.

"ఏందే, కంప్యూటర్ మేడమ్ గిట్లొచ్చింది?" అంది భీమక్క, జరిగి చోటిస్తూ.

"సీడీకి డేట్ అయిపోయిందక్కా."

"ఓ యవ్వ, వాటికి గూడ ఉంటదా!"

సాయంత్రాలు జంపయ్య గిన్నెలో మజ్జిగ పోసి ముందు పెట్టేవాడు. ఆమె చేతులు ముంచి కూర్చునేది. మంట మాత్రం తెల్లారేదాకా పోయేది కాదు. అన్నం అతనే కలిపి పెట్టేవాడు. శనివారం మాట ఆమె మళ్లీ ఎత్తలేదు.

మరుసటి దసరాకు కొడవలికి, గొడ్డలికి, మిరప గంపకు బొట్లు పెట్టింది. సీడీ చేతిలోకి తీసుకుంది. గీతల మధ్య తన మొహం ముక్కలుగా కనిపించింది. దానికి బొట్టు పెట్టలేదు. అందులో చూసుకుంటూ తన నుదుటికి పెట్టుకుని, ట్రంకుపెట్టె అడుగున పడేసింది.