శుక్రవారం హాజరు

శాసనసభ మెంబరుగారికి నేను మూడు ఉత్తరాలు రాశాను. రెండింటికి జవాబు లేదు. మూడోదానికి, పౌరహక్కుల మీద తాము చేసిన ఉపన్యాసం అచ్చువేయించి పంపారు. అందులో నేను రాసిన గాజుల సాయిబు సంగతి లేదు.

మన్యంలో పితూరీ లేచిన రోజుల్లో, లంబసింగి దాటాక ఒక ఠాణా ముందు మా బండి ఆపారు. ఆ కొండల్లో తిరిగే పరాయివాళ్లు వారానికోసారి అక్కడ హాజరు వేయించుకోవాలి. గాజులమ్మే ముసలి సాయిబు ఒకాయన అరుగు మీద తుండు పరిచి నమాజుకు నిలబడబోతున్నాడు.

"ఏటి సాయిబూ, బేగి రా! దేవుడికి రేపు మొక్కుకుందువుగాని," అని జవాను కేకేశాడు.

"రేపు శనివారం బాబూ," అంటూనే సాయిబు తుండు మడిచి, లోపలికెళ్లి వేలిముద్ర వేసి వచ్చాడు.

ఆయన వంతు ప్రతి శుక్రవారం మధ్యాహ్నమేనట. నర్సీపట్నం మసీదుకు వెళ్లి ఏడాది దాటిందట.

"హాజరు నుంచి నన్నొగ్గీమని కాదు బాబూ. వారం మార్చమని రాయండి, సాలు," అన్నాడు, బొటనవేలి సిరాను ఇసకతో తోముకుంటూ.

పితూరీ అణిగింది. హాజరు మాత్రం పోలేదు. ఎన్నికైన నెలకే అదే మసీదు ముందు దండలు వేయించుకుని, "మీ కష్టం సభలో నా కష్టం" అన్నది మెంబరుగారే. ఆ రోజు నాకు కుర్చీ చూపించలేదు. అది వేరే సంగతి, మరిచిపోలేదు.

అయ్యా, ఆ శుక్రవారాన్ని మంగళవారం చెయ్యమని సభలో అడిగారా, లేదా? ఉపన్యాసం వద్దు. ఒక్క ముక్క రాయండి.