పొగ పట్టిన ఫ్రాకు

మా వీధి టైలర్ కుట్టిన చొక్కాను ఉతికి తాడు మీద ఆరేస్తే, ఇల్లు అంటుకుందనుకుని ఫైరింజను గంట కొట్టుకుంటూ వచ్చింది. సరే, ఫైరింజను కాదు. పక్కింటాయన బకెట్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. బకెట్‌లో నీళ్ళున్నాయో లేవో ఇప్పుడు తేల్చడం కష్టం. చొక్కా పొగ కంపు కొట్టిన మాట మాత్రం ముమ్మాటికీ నిజం.

విచిత్రమేమిటంటే, ఆ టైలర్ జన్మలో సిగరెట్ ముట్టలేదు. ముట్టేవాళ్ళకు చోటిచ్చాడు, అంతే. బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళలో ఒకరు బెంచీ మీద కూర్చుని వెలిగిస్తే, ఆ మంటతోనే పక్కాయన వెలిగించేవాడు. అందరికంటే ముందొచ్చి అందరికంటే వెనక లేచేది మాత్రం టైలర్ బావగారు, భార్యకు స్వయానా అన్న. ఎవరైనా మొహం చిట్లిస్తే టైలర్ మెడలో టేపు సవరించుకుని ఒకటే మాట అనేవాడు. "షాపు నాది. ఇష్టం లేనివాళ్ళు రాకపోతే సరి."

ఆ టైలరే తన కూతురి బిడ్డ కోసం ఫ్రాకు కుట్టాడు. మెడ దగ్గర మెత్తటి లైనింగు, అంచుకు చిట్టి కుచ్చులు. కొలతలన్నీ ఫోన్‌లో చెప్పించుకున్నవే. మనవరాలిని కటింగ్ బల్ల మీద కూర్చోబెట్టి తన చేత్తో కొలత తీయాలని ఆయనకు ఒకటే యావ. పిల్లను షాపుకు తెస్తేగా!

ఒక రోజు కూతురు ఒక్కతే వచ్చి, గుమ్మం బయటే నిలబడి ఫ్రాకు చేతికిచ్చింది.

"ఎంత ఉతికినా పొగ వాసన పోవట్లేదు నాన్నా. వేస్తే చాలు, పిల్ల తుమ్ముతోంది."

"నాకేం రావట్లేదే! లోపలికి రా. ఈసారి దాన్ని తీసుకొచ్చావంటే ఇక్కడే కొలత తీసి..."

"ఈ షాపులోకి పిల్లని తేను."

"అదేంటే అమ్మా?"

"ఇష్టం లేనివాళ్ళు రాకపోతే సరి అంటావుగా. నేను రావట్లేదు, అంతే."

ఆమె వెళ్ళాక టైలర్ మిషను ముందు కూర్చున్నాడు. కాళ్ళు తొక్కుతున్నాయి, సూది కింద బట్ట లేదు. లేచాడు. కూర్చున్నాడు. ప్యాంటు గుడ్డ పరిచి ఎడమ కాలినే రెండుసార్లు గీశాడు. చివరికి ఫ్రాకును బావగారి ముక్కు దగ్గర పెట్టాడు.

"ఏ వాసనా లేదు బావా. అమ్మాయిది వట్టి చాదస్తం," అన్నాడాయన, రెండు ముక్కుల్లోంచీ పొగ వదులుతూ.

ఆ ముక్కు సాక్ష్యం టైలర్‌కే నమ్మబుద్ధి కాలేదు. ఫ్రాకు పట్టుకుని వీధిలో పడ్డాడు. మందుల షాపావిడ వాసన చూసి, "ఇది ఫ్రాకా, యాష్‌ట్రేనా?" అంది. ఇస్త్రీ అతను అసలు చేతిలోకే తీసుకోలేదు.

"చూడక్కర్లేదు గురువుగారూ. మీ షాపు బట్టల మీద వేడి పెట్టె పెడితే చాలు, గుప్పుమంటుంది. మీ పుణ్యమా అని నేను బీడీలు మానేశాను. ఊరికే వస్తుంటే కొనడమెందుకు?"

టైలర్ తిరిగొచ్చి, షాపు వెనక భాగానికి అడ్డం కట్టిన తెర తీశాడు. భార్య ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని కాజాలు కుడుతోంది. నూలు ధూళి పడక కట్టుకుంటోందనే అనుకున్నాడు ఇన్నేళ్ళూ.

"నీక్కూడా వస్తోందా వాసన?"

"ఇప్పుడు తెల్లారిందా మీకు? ఇష్టం లేనివాళ్ళు రావద్దన్నారు, బాగుంది. మరి నేనెటు పోను? వీధిలో కూర్చుని కాజాలు కుట్టనా?"

టైలర్ తెర బిగించి లాగాడు. పొగ కిందనుంచి దూరింది. ఫ్యాను వేశాడు. పొగంతా కట్టకట్టుకుని భార్య వైపే పోయింది. ఫ్యాను ఆపాడు. బల్ల చుట్టూ తిరిగి తిరిగి బెంచీ ముందు ఆగాడు.

"లే బావా. బెంచీ బయటేస్తున్నా. కాల్చుకునేవాళ్ళు అక్కడే కాల్చుకోండి."

"మతిపోయిందా? రేపట్నించి అందరూ ఎదురు షాపుకే పోతారు. నువ్విక్కడ ఈగలు తోలుకుంటావు!"

"పోనీ," అన్నాడే గానీ కళ్ళు ఎదురు షాపు వైపే పోయాయి. నిజంగానే పోతే?

బావగారు లేవలేదు. టైలర్ బెంచీ కొస ఎత్తాడు. బావగారు సిగరెట్‌తో సహా గుమ్మం దాకా జారుకుంటూ పోయాడు. తెర వెనకనుంచి, "అన్నయ్యా, తల జాగ్రత్త!" అని వినిపించింది.

కొందరు నిజంగానే రావడం మానేశారు. టైలర్ గోడలు సబ్బునీళ్ళతో కడిగాడు, తెర మార్చాడు, కొత్త గుడ్డతో ఇంకో ఫ్రాకు మొదలుపెట్టాడు. గుమ్మంలో నీడ పడితే చాలు, దిగ్గున లేచేవాడు. గిరాకీలయితే మళ్ళీ కూలబడేవాడు.

ఒక ఉదయం కూతురు పిల్లనెత్తుకుని వచ్చింది. గుమ్మంలో ఆగి గాలి పీల్చింది. తన ముక్కు ఎందుకూ పనికిరాదని టైలర్‌కు తెలిసిపోయింది కనుక, ఊపిరి బిగబట్టి కూతురి మొహమే చూస్తూ నిలబడ్డాడు. ఆమె లోపలికొచ్చి పిల్లను బల్ల మీద కూర్చోబెట్టింది. పిల్ల టేపు కొస అందుకుని నోట్లో పెట్టుకుంది.

కొత్త చొక్కాకు కొలతలివ్వడానికి వెళ్ళి ఈ కథంతా టైలర్ ముందు పెడితే, ఆయన చేతిలో టేపు కూడా ఆపలేదు.

"పొగా? నా షాపులోనా? నేను బెంచీ ఎత్తానా? మా బావ బరువెంతో తెలుసా మీకు? ఒక్క ముక్క నిజం లేదు. మా అమ్మాయి నన్ను పల్లెత్తు మాటనలేదు. ఊరికే కదలకండి, చెయ్యెత్తండి, చంక కొలవాలి."