మా మామ కట్టిన ఖాళీ

మొన్న సూళ్లూరుపేట స్టేషన్‌లో రైలు కోసం కూర్చుంటే, పక్కనాయన ఫోన్లో వాళ్ల ఊరి మసీదు ఫోటోలు చూపిస్తూ మెహరాబు దగ్గర ఆగి, "ఇది కట్టినాయన చర్చికి పొయ్యే మేస్త్రీ అంట, తెలుసునా?" అన్నాడు. తెలుసు. ఆయన మా మేనమామ.

మెహరాబంటే మక్కా దిక్కు గోడలో లోపలికి వంపుగా తీసిన గూడు. ఇమాం దాని ఎదుట నిలబడి నమాజు చేయిస్తారు. మామ అప్పటిదాకా కట్టిన గూళ్లన్నిటిలోనూ ఏదో ఒకటి ఉండేది: దీపమో, దేవుడో, కరెంటు మీటరో. ఇందులో ఏం పెడతారని అడిగితే ఇమాం సాబు, "ఏమీ పెట్టం మేస్త్రీ. దేవుడికి రూపం లేదు కదా" అన్నారు. ఆ ఖాళీని కట్టడానికి మామకు ఇరవై రోజులు పట్టింది. "ఏమీ పెట్టనిదానికి ఇంత సిమెంటా?" అని అత్త ఆశ్చర్యపోయింది.

తీరా పూర్తయ్యాక కమిటీ పెద్దాయన వచ్చి, "గొంతు వినపడేదానికి మైకు ఉండంగా ఈ గుంత ఎందుకు? రేపు మూసేసి గ్రానైటు పలక అతికించు" అన్నారు. మామ మూడు పూటలు అన్నం ముట్టలేదని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజానికి రెండే. మూడో పూట చేపల పులుసు.

మర్నాడు మామ కమిటీ ముందు నిలబడి, "మైకు ఆపి, సాబు గోడ వైపు తిరిగి మెల్లిగా ఏదన్నా చెప్పమనండి. మా అల్లుడు ఆ చివర చెప్పుల కాడ ఉంటాడు. వాడికి వినపడకపోతే నేనే మూసేస్తా" అన్నాడు. డిగ్రీ రెండోసారి రాస్తున్న నా చెవుల మీద ఆయన ఇరవై రోజుల పని ఆధారపడింది. నేను వెళ్లి నిలబడ్డాను. ఇమాం సాబు ఒకసారి నన్ను చూసి, గూడు వైపు తిరిగారు. మెల్లిగా ఏదో అన్నారు.

"ఏం చెప్పినారబ్బా?" అని పెద్దాయన అరిచారు.

"నేను చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నానంట!"

మసీదంతా నవ్వు. పెద్దాయన స్వయంగా చెప్పుల దగ్గరికి వచ్చి నిలబడి, "ఇంకోసారి, సాబూ" అన్నారు. విని, మామ దగ్గరికి నడిచి వెళ్లి, సున్నపు చేతులు రెండూ పట్టుకున్నారు. "నేను దేవుడి వైపు తిరిగినా మాట మనుషులకు చేరాలి. ఈ వంపుకు అర్థం అదే పెద్దాయనా" అన్నారు ఇమాం సాబు. మామ ఆ సాయంత్రం రాజులా ఇంటికి నడిచాడు. నేను గుండీలు సరిచేసుకుంటూ వెనకాల నడిచాను.

ఫోటోలో గోడకు ఉప్పుగాలి పొక్కులు కనిపిస్తున్నాయి. కట్టినవన్నీ కాలం కొరుకుతుంది. ఖాళీని ఎక్కడినుంచి కొరకాలో మాత్రం దానికింకా తెలిసినట్టు లేదు.