కుచ్చిళ్ళు ఎటువైపు?

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. తెలియనివన్నీ పెళ్ళయ్యాక ఒక్కొక్కటే బయటపడ్డాయి. పిట్స్‌బర్గ్‌లో తొలి ఉద్యోగం. ఆ ఊళ్ళో పెద్ద లైబ్రరీ, మ్యూజియం కట్టించింది స్కాట్లాండ్ నుంచి వచ్చిన ఒక ఉక్కు ఆసామి. పెళ్ళికైనా చావుకైనా బ్యాగ్‌పైపు ఊదేవాళ్ళు కనిపిస్తారు (మన భాగవతాల్లో తిత్తి లాంటిదే). మా మేనేజర్ తాతలు కూడా అక్కడివాళ్ళే. ఏటా వాళ్ళు చేసే ఊరేగింపులో ఆ ఏడు ఒక మనిషి తగ్గాడు. మేనేజర్ తండ్రి చలికాలంలో పోయాడు. ఆయన కిల్టు, అంటే మోకాళ్ళ దాకా చుట్టుకునే గళ్ళ ఊలు బట్ట, ఇంకొక్కసారి వీధిలో నడవడం చూడాలని ఆయన భార్య కోరిక. ఆఫీసు మొత్తంలో ఆ కొలత నాకే సరిపోయింది. ఎలా కట్టాలో చూపిస్తానని మేనేజర్ అంటే, పుట్టిన దగ్గర్నుంచి పంచెలు చూస్తున్నవాణ్ణి, నాకు చెప్పేదేముందన్నాను.

ఇంటికొచ్చి కట్టాను. ఒకవైపు చదును, ఇంకోవైపు కుచ్చిళ్ళు. కుచ్చిళ్ళు ముందుకు రావాలని తెలియని తెలుగువాడుంటాడా? మా వరంగల్ రూమ్మేట్ చుట్టూ తిరిగి చూసి, "పెండ్లికొడుకు లెక్క ఉన్నవ్ పో" అన్నాడు.

మర్నాడు వరసలో నిలబడ్డాక చూద్దును కదా, అందరి కుచ్చిళ్ళూ వెనకే ఉన్నాయి. పాపం, అమెరికా వచ్చి తరాలైంది, మరిచిపోయారనుకున్నాను. అనుకుని ఊరుకుంటే నేనెందుకవుతాను? మేనేజర్ చెవిలో, "మీవాళ్ళంతా తిరగేసి కట్టారు. పర్వాలేదు, ఎవరూ కనిపెట్టరు" అన్నాను. ఆయన నా నడుము వంక చూశాడు. ముఖం ఎర్రబడింది. "అవి వెనక్కి ఉండాలి. అది మా నాన్నది..." అని ఆగిపోయాడు. ఈలోగా బ్యాగ్‌పైపులు మోగాయి, వరస కదిలింది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఒక పెద్దావిడ చలికాలం నుంచీ ఎదురుచూసిన ఒక్క చూపునూ పాడుచేశాను. తల దించితే ఇంకా దొరికిపోతానని, ఛాతీ విరుచుకుని మరీ నడిచాను. లైబ్రరీ మెట్ల దగ్గర ఆవిడ మడత కుర్చీలో కూర్చుని ఉంది. మేనేజర్ వంగి ఏదో సంజాయిషీ చెప్పబోయాడు. ఆవిడ చెయ్యి చాపి నా కుచ్చిళ్ళు సవరించింది (అచ్చం మా అమ్మ సవరించినట్టే).

"ఉండనీ. మీ నాన్న ఏటా సణుక్కుంటూ కట్టుకునేవాడు. ఇంత దర్జాగా ఏనాడైనా నడిచాడా?" అంది కొడుకుతో. నాకు కళ్ళు చెమర్చాయి.

మొన్న మా అబ్బాయి పంచెల ఫంక్షన్‌కి ఆ మేనేజర్ పట్టుపంచె కట్టుకుని వచ్చాడు. రిటైరయ్యాడు, జుట్టు పండింది. ఎవరి సాయమూ అక్కర్లేదు, చిన్నప్పట్నుంచీ కిల్టు కట్టినవాణ్ణని గుమ్మంలోనే చెప్పాడు. కుచ్చిళ్ళు మాత్రం వెనక్కి ఉన్నాయి. "చెప్పండీ, పాపం ఫొటోల్లో పడతారు" అని మా ఆవిడ నన్ను పొడిచింది. నేను వెళ్ళి ఆ కుచ్చిళ్ళు కాస్త సవరించి వచ్చి, "ఉండనీ" అన్నాను. అన్నీ తెలిసిన ఆ పాతికేళ్ళ కుర్రాడు నాలో ఎప్పుడు తప్పిపోయాడో గానీ, ఆ పూట ఆయన పంచెలో ఛాతీ విరుచుకుని మా ఇంటికి నడిచొచ్చాడు.